ఫిల్లర్ ధర.. సూదికి ముందే చెప్పాలి

పెళ్లి ముహూర్తాలు దగ్గర పడితే పట్టణాల్లోని సౌందర్య చికిత్సాలయాలకు తాకిడి పెరుగుతుంది. పెదవులు నిండుగా కనిపించేందుకు, పీక్కుపోయిన చెంపలు సరిచేసేందుకు ఫిల్లర్ ఇంజెక్షన్లు చేయించుకునేవారిలో ఇప్పుడు పల్లెవాసులూ ఉన్నారు. అయితే ప్రకటనలో ఒక ధర, చేతికందే బిల్లులో మరో ధర ఉండటం వివాదాలకు దారితీస్తోంది.

ఈ తేడాకు మూలం కొలతలో ఉంది. ఫిల్లర్లలో ఎక్కువగా వాడేది హైలురోనిక్ ఆమ్లంతో తయారైన జెల్. ఇది సాధారణంగా ఒక మిల్లీలీటరు సిరంజీలలో లభిస్తుంది. ప్రకటనలో కనిపించేది తరచూ ఒక్క సిరంజి ధరే. రెండు చెంపలకు ఒకటి చాలకపోవచ్చు. సగం పని అయ్యాక ‘ఇంకో సిరంజి తెరవాలి’ అంటే, మొద్దుబారిన ముఖంతో కుర్చీలో ఉన్న మనిషి కాదనగలదా? అక్కడే బిల్లు రెట్టింపవుతుంది. సంప్రదింపు ఫీజు, మత్తు క్రీము, రెండు వారాల తర్వాత చేసే సవరణ అదనంగా చేరవచ్చు. గడ్డకట్టినట్లు కనిపిస్తే జెల్‌ను కరిగించే ఇంజెక్షన్‌కూ ఖర్చే. పైగా ఈ జెల్ కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర లోపు శరీరంలో కలిసిపోతుంది. అందం నిలవాలంటే మళ్లీ చెల్లించాల్సిందే.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, కేవలం అందం కోసం చేసే చికిత్సలకు అది వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపాలు, గాయాల వల్ల ఏర్పడిన వికృతిని సరిచేసే చికిత్సలకు మాత్రం మినహాయింపు ఉంది.

చికిత్స మొదలయ్యాక కాక, ముందుగానే ఫీజు తెలియజేయాలని వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. కనుక ఎన్ని సిరంజీలు పట్టవచ్చు, అదనంగా తెరిస్తే ఎంత, పన్ను కలిపా విడిగానా అన్నది కాగితంపై రాయించుకోవాలి. సిరంజి పెట్టెను కళ్లెదుటే తెరవమని కోరి, దానిపై ఉన్న గరిష్ఠ చిల్లర ధర, బ్యాచ్ నెంబరు, గడువు తేదీ చూసుకోవాలి. వాడిన పెట్టె లేబుల్‌ను అడిగి దాచుకుంటే బిల్లులో రాసిన సిరంజీల లెక్క సరిచూసుకోవచ్చు.

ధర తక్కువని బ్యూటీపార్లర్లో సూది వేయించుకోవడం మాత్రం తెలిసి చేసే తప్పు. జెల్ రక్తనాళంలోకి వెళితే చర్మం కుళ్లవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు.

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చికిత్స రికార్డులు కోరితే వైద్యుడు 72 గంటల్లో ఇవ్వాలి. అయితే రెండో సిరంజికి ముందే సంతకం చేసి ఉంటే ఫిర్యాదు బలహీనపడుతుంది. ఫీజు ఎక్కువన్న ఒక్క కారణంతో కేసు నిలవడమూ కష్టం. ముందు చెప్పని మొత్తాన్ని వసూలు చేశారని చూపగలగాలి.

తొలుత చికిత్సాలయానికి లిఖితపూర్వకంగా వివరణ కోరాలి. స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. డబ్బు చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. చికిత్స హైదరాబాద్‌లో చేయించుకున్నా, బాధితులు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు.