పరమవీర చక్రము

యుద్ధభూమిలో శత్రువు నెదుట అసమాన శౌర్యమును చూపిన భారత సైనికులకు ఇచ్చు అత్యున్నత పతకము పరమవీర చక్రము. ఇది 1950 జనవరి 26వ తేదీన నెలకొల్పబడినది. సావిత్రీబాయి ఖానోల్కర్ దీనికి రూపకల్పన చేసిరి. నడుమ రాజచిహ్నము, దాని చుట్టును నాలుగు వజ్రాయుధములు కలవు. లోకరక్షణకై దధీచి మహర్షి తన యెముకలను దానము చేయగా, వానితో ఇంద్రుని వజ్రాయుధము నిర్మింపబడెనని పురాణములు చెప్పుచున్నవి.

ఈ పతకము కంచుది. దీని తరువాతి స్థానము గల మహావీర చక్రము వెండిది. మిన్నయైన దానికి కంచేల? శౌర్యమునకు వెల కట్టునది లోహము కాదు. అధికారి యని, సామాన్య సైనికుడని భేదము కూడ ఇందు లేదు. ఇంతవరకు పరమవీర చక్రమును పొందిన 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే లభించినది.

మహావీర చక్రము కథయు తరచు ఇట్టిదే. అరకు కొండలు దిగి తూర్పున మైదానమునకు వచ్చినచో, విజయనగరము చెంత కోరుకొండ సైనిక పాఠశాల కలదు. అందు చదివిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15వ తేదీన గల్వాన్ లోయలో వీరమరణము నొందెను. ఆయనకు ప్రకటింపబడిన మహావీర చక్రమును 2021 నవంబరులో రాష్ట్రపతి చేతినుండి ఆయన తల్లియు భార్యయు అందుకొనిరి.

బాలలారా! పతకమును చూచినపుడు, దానిని ధరింపవలసిన వాడెక్కడ నున్నాడని తలపుడు. దాని విలువ బోధపడును.