అమ్మ చీర ఏ రంగు?

పెన్సిల్ గీత తప్పితే రబ్బరుతో చెరిపేస్తాం. మరి రంగు తప్పితే? ఆ భయంతోనే మా ఇంట్లో ఒక బొమ్మ ఏడాదిన్నరపాటు బీరువాలో చీరల కింద పడి ఉంది.

అది మా అమ్మ బొమ్మ. మూడేళ్ల కిందట శివరాత్రి వెళ్లాక అమ్మ చుండూరులో మా ఇంటికొచ్చి పది రోజులుంది. మాగాణుల్లో మినుము నూర్పిళ్లు అయిన రోజులు. ఒకరోజు ఉదయం వరండాలో కూర్చుని కొత్త మినుములు చేటలో పోసుకుని చెరుగుతోంది. నేను ఎదురుగా మెట్టు మీద కూర్చుని డ్రాయింగు షీటు మీద పెన్సిల్‌తో గీశాను. “చాల్లేవే, ముసలి మొహం ఎందుకూ?” అంటూనే కదలకుండా కూర్చుంది. ఆ వానాకాలంలోనే అమ్మ వెళ్లిపోయింది.

ఆ బొమ్మకి రంగులు వేయాలని నా కోరిక. కానీ అంతకు ముందొకసారి ఇష్టంగా గీసుకున్న కాలవగట్టు బొమ్మకి ఆకాశం ముదురు నీలం పూసి పాడుచేసుకున్న అనుభవం ఉంది. కాలవగట్టు మళ్లీ గీసుకోవచ్చు. అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్లీ గీయలేను కదా!

“జెరాక్స్ తీయించి దాని మీద వెయ్యొచ్చుగా అమ్మా!” అంది ఇంటర్ చదివే మా అమ్మాయి. జెరాక్స్ కాగితం నీటిరంగులకి ఆగదు, తడికి ముడతలు పడిపోతుంది. పైగా నాకు కావలసింది ఆ కాగితమే. అమ్మని చూస్తూ కదిలిన చెయ్యి ఆ గీతల్లోనే ఉంది. అది విని మా అమ్మాయి, “అయితే ముందు ఫోన్‌లో రంగులేసి చూసుకో. నచ్చాకే కాగితం ముట్టుకో” అంది. చిన్నపిల్ల మాటే అయినా నాకు దారి చూపించింది.

ఫోన్‌లో ఎలాగంటే...

ఇందుకు పెద్ద కంప్యూటరు అక్కర్లేదు. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ లాంటి యాప్ చాలు. ఇంట్లో కంప్యూటరుంటే క్రిటా అనే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. బొమ్మను కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట పరిచి, ఫోను వంగకుండా సరిగ్గా పైనుంచి ఫొటో తీయాలి. మన నీడ కాగితం మీద పడకూడదు.

ఆ తర్వాత తెలుసుకోవలసింది ‘లేయర్’ గురించి. కాగితం మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద రంగు వేశామనుకోండి. నచ్చకపోతే షీటు తీసేస్తాం, కింద బొమ్మ అలాగే ఉంటుంది. లేయరంటే అంతే. బొమ్మ ఉన్న లేయరుకి ‘మల్టిప్లై’ అనే పద్ధతి పెడితే దాని తెలుపు మాయమై గీతలు మాత్రమే నిలుస్తాయి. అప్పుడు దాని కింద ఇంకో లేయరు తెరిచి రంగులు వేస్తే గీత చెడదు. చీరకొకటి, గోడకొకటి, ఒంటి రంగుకొకటి విడివిడిగా పెట్టుకుంటే ఏది మార్చాలన్నా మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

నేను ఒకే బొమ్మను చిన్నగా చేసి నాలుగు కాపీలు పక్కపక్కనే పెట్టుకున్నాను. నాలుగింటికీ నాలుగు రకాల రంగులు, వేలితోనే పూశాను. ముక్కూ మొహం చెక్కాలని చూడలేదు. ఇక్కడ తేల్చుకోవలసింది ఒక్కటే, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలన్నది.

అక్కతో తగువు

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ రోజు అమ్మ కట్టుకున్న చీర ఏ రంగు? నాకు గంధం రంగని గుర్తు. నాలుగు బొమ్మలూ వాట్సాప్‌లో హైదరాబాదులో ఉన్న అక్కకీ, బెంగుళూరులో ఉన్న తమ్ముడికీ పంపించాను. “గంధం రంగేమిటే? వరండాలో పని చేసుకునేప్పుడు కట్టేది పసుపు అంచున్న ముదురాకుపచ్చ చీరేగా! నేనే కొనిచ్చాను” అంది అక్క. తమ్ముడేమో నేరేడుపండు రంగన్నాడు. ముగ్గురం ఒక్క కడుపున పుట్టినవాళ్లమే, అమ్మ మీద ముగ్గురికీ మూడు రంగులు!

ఆ తగువు తీర్చింది ఎవరో తెలుసా? ఆ పెన్సిల్ బొమ్మే. రంగులేసిన బొమ్మను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడమంటారు. చీరా వెనక గోడా ఒకే బూడిదరంగులో కనిపిస్తే, రంగులు వేరైనా మనిషి గోడలో కలిసిపోయినట్టే లెక్క. ఏ బొమ్మకైనా ముందు కుదరాల్సింది ముదురూ లేతా. అలా మార్చి అసలు బొమ్మ పక్కన పెట్టి చూశాను. నా గంధం రంగు చీర లేతగా తేలింది. ఆ రోజు నేను గీసినదాంట్లో చీర మీద వాలుగీతలు దట్టంగా ఉన్నాయి, అంచు ఒక్కటే తెల్లగా వదిలేసి ఉంది. అంటే ముదురు చీర, లేత అంచు. నేను మరిచిపోయినదాన్ని నా చెయ్యి రాసిపెట్టింది. అక్క మాటే నిజం.

మన పెద్దవాళ్లకి తెలియనిదా?

బొమ్మకి చెయ్యి పెట్టేముందు రంగుని ఊహించుకోవడం ఫోన్లతో వచ్చింది కాదు. ఓసారి రాహుకేతు పూజకని శ్రీకాళహస్తి వెళ్లినప్పుడు కలంకారీ పని చూశాను. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లతో నల్లగీత దిద్దుతారు. ఎరుపు కావలసిన చోట పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు! అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. వేర్ల రంగునీళ్లలో ఉడకబెట్టినప్పుడు, పటిక తగిలినచోట ఎరుపు పట్టుకుంటుంది. పసుపు, నీలం ఆ తర్వాతే. పసుపూ నీలం ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఆకుపచ్చ. కళ్లకి కనబడని ఎరుపుని మనసులో చూసుకుంటూ పటిక పూయాలంటే ఎంత లెక్క ఉండాలి! ఆ కళలో చెయ్యి తిరిగిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లకి ఏళ్ల సాధనతో వచ్చిన చూపు మనకు లేదు కనుక, ఫోను సాయం తీసుకుంటున్నాం. తప్పేముంది?

ఫోన్ని పూర్తిగా నమ్మకండి

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఫోన్‌లో కనిపించేది వెలుగు, కాగితం మీద వేసేది రంగు. మీ ఫోను మీద చిన్న నీటిచుక్క వేసి, తెల్లగా వెలిగేచోట దానిగుండా చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. ఆ మూడు వెలుగులూ కలిస్తే తెలుపు. మన రంగులపెట్టెలో ఆ మూడూ కలిపి చూడండి, బురద! అందుకే ఫోన్‌లో మెరిసిపోయే చిలకపచ్చ కాగితం మీద అలాగే రావాలంటే రాదు.

నేను చేసిన ఉపాయం చెబుతాను. నా దగ్గరున్న పన్నెండు రంగులూ ఒక కాగితం మీద వరసగా పూసి, ఆరాక ఫొటో తీసి, యాప్‌లో ఆ ఫొటో నుంచే రంగులు ఎంచుకున్నాను. అప్పుడు లేని రంగు మీద ఆశ పెట్టుకోం. ఆ తర్వాత అదే రకం డ్రాయింగు షీటు ముక్క మీద ఆకుపచ్చని ముదురు నుంచి లేత దాకా ఐదు మచ్చలు వేసి ఆరనిచ్చాను. నీటిరంగులు తడిమీద ముదురుగా ఉండి ఆరితే లేతబడతాయి. ఆక్రిలిక్ రంగులైతే ఆరాక కాస్త ముదురుతాయి. ఇంకో మాట, నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. అమ్మ జుట్టులో నెరుపు ఎక్కడుండాలో ముందే గుర్తుపెట్టుకుని అక్కడ కుంచె తగలనివ్వకూడదు. లేత రంగులు ముందు, ముదురు తర్వాత. ఈ వరస కూడా ఫోన్‌లో చూసుకున్నాక ఒక చీటీ మీద రాసిపెట్టుకున్నాను.

దట్టమైన పెన్సిల్ మీద రంగు పడితే మురికిగా తేలుతుంది. కనుక చీర మీది వాలుగీతల్ని రబ్బరుతో అద్ది అద్ది పలచన చేశాను. ముందే ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి గుండె ధైర్యంగానే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మావారు నిద్రపోతుంటే వరండాలోనే కూర్చుని మొదలుపెట్టాను. గోడకి లేత సున్నం రంగు, ఒంటికి చామనఛాయ, అంచుకి పసుపు, చివరికి చీరకి ఆకుపచ్చ. సాయంత్రం కాఫీవేళకి పూర్తయింది. లేచేటప్పుడు కుంచె విదిలి ఒక ఆకుపచ్చ చుక్క చేటలో మినుముల పక్కన పడింది. అలవాటుకొద్దీ వేలు వెనక్కి వెళ్లే గుర్తు కోసం వెతికింది! కాగితానికి అది లేదుగా. అద్దుదామనుకుని ఊరుకున్నాను.

పటం కట్టించి హాల్లో పెట్టాం. దసరాకి వచ్చిన అక్క చాలాసేపు చూసి, “చేటలో పచ్చిమినప కాయ కూడా వేశావే. అమ్మ ఏరి పక్కన పెట్టేది గుర్తుందా?” అంది.

అవునన్నాను.