నీళ్ళు మెత్తనా? గట్టివా? – హుగ్లీలో మునిగిన విమానం

కడప జిల్లాలోని తుమ్మలపల్లె వంటి మెట్ట ఊళ్ళలో చెరువు నిండిందంటే పిల్లలకు పండుగే గదా! గట్టున నిలబడి పెంకు ముక్కను నీటికి వాలుగా విసరుతారు. అది మునగకుండా కప్పలాగా నాలుగైదు గెంతులు వేస్తుంది. అదే పెంకు అంచుమీద పడితే 'బుడుంగు'మని మునుగుతుంది. ఈ ఆటలో ఉన్న శాస్త్రమే ఒకనాడు ఒక పెద్ద ప్రయాణికుల విమానాన్ని నదిలో ముంచింది.

అది 1939. ఆనాడు ఇంగ్లండు నుంచి మన దేశం మీదుగా ఆస్ట్రేలియాకు 'ఇంపీరియల్ ఎయిర్‌వేస్' వారి నీటి విమానాలు నడిచేవి. పెద్ద విమానాలు దిగగల పొడవైన గట్టి రన్‌వేలు అప్పట్లో చాలాచోట్ల లేవు. నదులూ, చెరువులూ మాత్రం సిద్ధంగా ఉన్నాయి! అందుకే షార్ట్ బ్రదర్స్ కంపెనీ అడుగుభాగం పడవలాగా ఉండే విమానాలను తయారుచేసింది. వీటికి నాలుగు ఇంజన్లు. రెక్కల కొసల మధ్య దూరం సుమారు 35 మీటర్లు. నిండు బరువు సుమారు 18 టన్నులు. కరాచీ, రాజసమంద్, గ్వాలియర్, అలహాబాదు, కలకత్తా వాటి మజిలీలు.

1939 జూన్ 12న ఇటువంటి విమానమే, పేరు 'సెంచూరియన్', కలకత్తా వద్ద హుగ్లీ నదిపై దిగబోయింది. ఈదురుగాలి విసురుకు దాని ముక్కు నీటిలో దిగబడింది. విమానం మునిగిపోయింది. అదృష్టవశాత్తు అందులోని వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అన్నిసార్లూ అలా జరగలేదు. అంతకు ముందు ఏడాది నవంబరులో టపా మోసుకువస్తున్న 'కల్పూర్నియా' ఇరాక్‌లోని హబ్బానియా సరస్సు వద్ద చెడు వాతావరణంలో కూలి, నలుగురు సిబ్బంది మరణించారు.

మెత్తని నీళ్ళు అంత పని ఎలా చేశాయి?

ఒక చిన్న ప్రయోగం చేయండి. పశువుల తొట్టిలోని నీటిలోకి అరచేతిని మెల్లగా దించండి. హాయిగా దిగుతుంది. ఇప్పుడు వేగంగా చరచండి. చెయ్యి చురుక్కుమంటుంది! నీళ్ళు అవే. మారింది వేగం ఒక్కటే. పక్కకు తొలగడానికి నీటికి వ్యవధి చాలలేదన్నమాట.

నీటి సాంద్రత గాలి సాంద్రతకు సుమారు 800 రెట్లు. పైగా వేగం రెండింతలైతే ఎదురయ్యే ఒత్తిడి నాలుగింతలవుతుంది. లెక్క వేద్దాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. ఆ వేగంతో నీటికి అడ్డం పడిన ప్రతి చదరపు మీటరు మీద సుమారు 39 టన్నుల బరువంత ఒత్తిడి పడుతుంది. అంటే ముక్కు అర చదరపు మీటరు మేర అడ్డుపడినా చాలు, విమానం మొత్తం బరువుకంటే ఎక్కువ బలం వెనక్కు నెడుతుంది!

ఈ బలం అడుగున పనిచేస్తుంది. బరువైన రెక్కలు, ఇంజన్లు పైన ఉంటాయి. జడత్వం వల్ల అవి ముందుకే పోజూస్తాయి. కింద ఆగి, పైన సాగితే ఏమవుతుంది? వంకలోని ఇసుకలో సైకిలు ముందు చక్రం దిగబడినప్పుడు మనం హ్యాండిలు మీదుగా ఎగిరిపడమూ? అదే జరుగుతుంది.

అందుకే పైలట్ ముక్కును కాస్త ఎత్తి, పెంకు గెంతినట్లు అడుగుభాగం నీటిమీద జారేలా దించుతాడు. అడుగున మెట్టులాంటి కట్టడం ఉంటుంది. అది నీటి పట్టును విడదీస్తుంది. రెక్కల కింద తెప్పలు విమానం పక్కకు ఒరగకుండా కాపాడతాయి. ఇంకొక వింత! నీరు అద్దంలా నిశ్చలంగా ఉంటే మరీ ప్రమాదం. ఎంత ఎత్తున ఉన్నదీ కంటికి తెలియదు. చిన్న అలలుంటేనే పైలట్‌కు మేలు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఎన్నో దేశాలలో పొడవైన రన్‌వేలు ఏర్పడ్డాయి. దానితో ఆ పెద్ద పడవ విమానాలు మూలబడ్డాయి. కాని నీటిమీద దిగే విద్య పోలేదు. 2024 నవంబరు 9న విజయవాడ కృష్ణానది నుంచి ఎగిరిన ఒక చిన్న నీటి విమానం మన శ్రీశైలం జలాశయం మీద క్షేమంగా దిగింది. దాని కాళ్ళకు చక్రాలతోపాటు పొడవాటి తెప్పలున్నాయి.

విమానం చిన్నదైనా, పెద్దదైనా నీటి నియమం ఒక్కటే. ఈసారి చెరువులో పెంకు విసరినప్పుడు ఎంత వాలుగా పడితే గెంతుతుందో, ఎప్పుడు మునుగుతుందో గమనించి చూడండి!