గంటన్నరలో మూడు ఓడలు.. క్రెసీ కథ తెలుసా?

పదిహేనేళ్ల కుర్రాడు. పేరు కిట్ వైకమ్ మస్‌గ్రేవ్. బ్రిటిష్ నేవీలో ట్రైనీ. 1914 సెప్టెంబర్ 22 ఉదయం అతనున్న ఓడకి టార్పెడో తగిలింది. ఈదుకుంటూ వెళ్లి రెండో ఓడ ఎక్కబోతుంటే దానికీ తగిలింది. ఎలాగోలా మూడో ఓడ ఎక్కాడు. అదీ మునిగింది! చెక్క పట్టుకుని తేలుతున్న అతన్ని డచ్ వాళ్లు కాపాడారు.

ఆ మూడో ఓడే హెచ్‌ఎంఎస్ క్రెసీ.

ఒకప్పుడు హీరో

విక్టోరియా రాణి కాలం చివర్లో, 1899 డిసెంబర్‌లో, స్కాట్లాండ్‌లోని గోవన్‌లో క్రెసీ నీళ్లలోకి దిగింది. 12,000 టన్నులు. వేగం 21 నాట్లు, అంటే గంటకి దాదాపు 39 కిలోమీటర్లు. నీటిమట్టం దగ్గర 6 అంగుళాల ఉక్కు కవచం. అందుకే వీటిని ఆర్మర్డ్ క్రూయిజర్లు అన్నారు.

1901లో సర్వీసులో చేరి చైనా సముద్రాల్లో తిరిగింది. 1907 నుంచి అమెరికా, వెస్టిండీస్ వైపు డ్యూటీ. ఈలోపు టర్బైన్లతో 25 నాట్లు పరుగెత్తే బ్యాటిల్‌క్రూయిజర్లు వచ్చేశాయి. ఎనిమిదేళ్లకే క్రెసీ పాతదైపోయింది. 1909లో రిజర్వులో పెట్టేశారు.

మళ్లీ ఎందుకు పిలిచారు?

1914లో యుద్ధం మొదలైంది. క్రెసీని, దాని జంట ఓడలు అబూకిర్, హోగ్‌లని బయటికి తీసి నార్త్ సీలో కాపలాకి పెట్టారు. సిబ్బందిలో ఎక్కువమంది రిజర్విస్టులు. వీటికి నేవీలో వాళ్లే పెట్టిన పేరు ‘ఎర దళం’. అంటే ప్రమాదం అందరికీ తెలుసు. నేవీ మంత్రి చర్చిల్ కూడా సెప్టెంబర్ 18న వీటిని అక్కణ్నుంచి తీసెయ్యాలని రాశారు.

కానీ తియ్యలేదు.

ఆ ఉదయం

నాలుగు రోజులు గడిచాయి. తుపాను వల్ల తోడుండాల్సిన డెస్ట్రాయర్లు లేవు. మూడు ఓడలూ 10 నాట్ల వేగంతో తిన్నగా వెళ్తున్నాయి. జర్మన్ సబ్‌మెరైన్ యూ-9 చూసింది. దాని బరువు 500 టన్నులు కూడా లేదు.

మొదట అబూకిర్‌ని కొట్టింది. కవచం ఉన్నది పైన, టార్పెడో తగిలేది కింద. మైన్ పేలిందనుకుని అబూకిర్ కెప్టెన్ మిగతా రెండింటినీ దగ్గరికి పిలిచాడు. మునుగుతున్నవాళ్ల కోసం వచ్చి హోగ్ దెబ్బతింది. తర్వాత క్రెసీ. గంటన్నరలో అంతా అయిపోయింది. 1,459 మంది చనిపోయారు. 837 మంది బతికారు.

దాని తర్వాత నేవీ కొత్త రూల్ పెట్టింది: టార్పెడో తగిలిన ఓడ దగ్గర పెద్ద ఓడలు ఆగకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది కాస్త తెలిసిన కథే. పాత సిస్టమ్ రిస్క్ అని మెయిల్ వెళ్తుంది. అందరూ ఒప్పుకుంటారు. ఆపే తేదీ మాత్రం ఎవరూ వెయ్యరు. మా దగ్గరైతే సర్వర్ పడిపోతుంది, రాత్రంతా కూర్చుని లేపుతాం. క్రెసీ మీదున్నవాళ్లకి ఆ అవకాశం లేదు.