తన ధనమునకు తానే కోశాధికారి

ధనమును దాచుకొనుటకు మనవారు చిరకాలముగా నెరిగిన మార్గములు రెండు. ఇంటిలోని ఇనుపపెట్టె యొకటి, బ్యాంకి రెండవది. ఇనుపపెట్టెకు తాళపుచెవియు మనదే, పూచీయు మనదే. బ్యాంకిలో లెక్క వ్రాయువారు వేరు. పొరపాటు జరిగినచో అర్జీ పెట్టుకొనుటకు ఒక అధికారి, ఆ అధికారిపై మరియొక అధికారి యుందురు. 2009 జనవరి 3వ తేదీన మొదటి పుట వ్రాయబడిన బిట్‌కాయిను ఈ రెంటికిని భిన్నమైన మార్గము. ఇందు లెక్క లోకమెల్ల చూచునట్లు బహిరంగముగ నుండును. తాళపుచెవి మాత్రము సొంతదారు నొక్కనియొద్దనే యుండును. అర్జీ నందుకొను అధికారి యెవడును లేడు.

ఈ సాఫ్టువేరును తమ కంప్యూటరులందు నెలకొల్పుకొన గోరువారు మన పట్టణములందును గలరు. బిట్‌కాయిను కొనుమనిగాని కొనవలదనిగాని మేమిచ్చట చెప్పబోము. ఆ పనికి పూనుకొన్నవాడు తొలిదినములందు ఎదుర్కొను చిక్కు లెట్టివి, వానిలో భయపడదగిన దేది, భయపడనక్కరలేని దేది యని విమర్శించుటయే మా యుద్దేశము.

మొట్టమొదట నొక భ్రమ తొలగవలెను. నాణెములు కంప్యూటరులో నుండవు. ఒకప్పుడు గ్రామపు భూముల లెక్క కరణము నొద్దనే యుండెడిది. బిట్‌కాయిను లెక్క అట్టిది కాదు. ఒకే చిట్టాకు వేలకొలది కంప్యూటరులలో నకళ్లున్నవి. సుమారు పది నిమిషముల కొక పుట చొప్పున ఆ చిట్టా పెరుగుచుండును. ఆ పుటనే బ్లాకు అందురు. ఈ పద్ధతిని 2008 అక్టోబరు 31వ తేదీన సతోషి నకమోతో అను పేరుతో నొకరు ప్రకటించిరి. మన కంప్యూటరులో నుండునవి రెండే: ఆ చిట్టాయొక్క నకలు, మన పద్దును కదలించుటకు వలయు రహస్యసంఖ్య. నకలు పోయినచో మరల తెచ్చుకొనవచ్చును. రహస్యసంఖ్య పోయినచో తెచ్చి యిచ్చువాడు లోకమున లేడు. ఈ భేదమును గ్రహించినవానికి తక్కిన చిక్కులన్నియు చిన్నవియే.

తొలిదినముననే యంత్రము మొరాయించినదని సిగ్గుపడ బనిలేదు. సతోషి తరువాత ఈ సాఫ్టువేరును మొదట నడపినవారిలో నొకరు హాల్ ఫిన్నీ యను అమెరికా పండితుడు. రహస్యలిపి శాస్త్రమున ఆరితేరినవాడు. 2009 జనవరి 12వ తేదీన సతోషి పంపిన 10 నాణెములను అందుకొన్నది ఆయనయే. ఒకరినుండి మరియొకరికి జరిగిన మొదటి బదిలీ యదియే. అట్టివాడును ఆ దినములలో తాను సాఫ్టువేరులోని దోషములను లేఖలద్వారా తెలుపుచుండగా సతోషి దిద్దుచుండెననియు, కంప్యూటరు వేడెక్కి ఫంకా చప్పుడు విసుగు పుట్టింపగా దానిని ఆపివేసితిననియు 2013లో వ్రాసినాడు. పండితునకే తప్పనిది క్రొత్తవానికి తప్పునా?

నేడు ఈ చిట్టాను పూర్తిగా నుంచుకొనుటకు వాడబడు ముఖ్యమైన సాఫ్టువేరు బిట్‌కాయిన్ కోర్. దీనిని స్థాపించిన క్రొత్తవానికి ఎదురగు మొదటి కలవరము జాప్యము. చిట్టా పరిమాణము 600 గిగాబైట్లను మించినది. 2009 మొదలు నేటివరకు గల ప్రతి పుటను దించుకొని, ప్రతి పద్దును తానే సరిచూచిన గాని సాఫ్టువేరు తృప్తిపడదు. డిస్కు మందమైనదైనచో దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఈలోపల తనకు రావలసిన సొమ్ము తెరపై సున్నగా కనబడును. సొమ్ము పోయినదని గుండె బాదుకొనరాదు. చదువుచున్న పుట యింకను పాత సంవత్సరములది. మన పద్దున్న పుట వచ్చినపుడు సొమ్ము దానంతటదియే కనబడును. డిస్కులో స్థలము చాలనివారు పాత పుటలను సరిచూచిన వెంటనే విడిచిపెట్టు ఏర్పాటును ఎన్నుకొనవచ్చును. అప్పుడు పుటల నిలువను 550 మెగాబైట్లవరకు తగ్గించుకొనవచ్చును. కాని దించుకొనుట మాత్రము మొత్తము చిట్టాను దించుకొనవలసినదే.

రెండవది గడియారము. కంప్యూటరు గడియారము రెండు గంటలకు మించి వెనుకబడియున్నచో, అప్పుడే వచ్చిన పుటలు దానికి భవిష్యత్తునకు చెందినవిగా తోచి త్రోసివేయబడును. చిట్టా ముందుకు సాగదు. గడియారము సరిచేసిన చాలును. మూడవది విద్యుత్తు. కరెంటు హఠాత్తుగా పోయినపుడు డిస్కుపై సగము వ్రాసిన పుట చెడవచ్చును. మరల తెరచినపుడు చిట్టా సూచికను క్రొత్తగా కట్టుకొందునా యని సాఫ్టువేరు అడుగును. అట్లే యని యొప్పుకొని ఓపికతో వేచియుండవలెను. ఏ చిక్కు వచ్చినను ఆ సాఫ్టువేరు తన దినచర్యను ‘డీబగ్.లాగ్’ అను ఫైలులో వ్రాసిపెట్టును; దాని చివరి పంక్తులు చదువుట వైద్యుడు నాడి చూచుట వంటిది.

నాలుగవది, పంపిన సొమ్ము చేరకపోవుట. పుటలో స్థలము పరిమితము; అధిక రుసుము చెల్లించినవారి పద్దులు ముందు ఎక్కును. తక్కువ రుసుముతో పంపినది వేచియుండును. రుసుము పెంచి మరల పంపు సదుపాయము కలదు. అదియు చేయక యూరకున్నను, సాధారణముగా రెండు వారములలో ఆ కోరిక కంప్యూటరుల జ్ఞాపకమునుండి తొలగును. సొమ్ము కదలక యున్నచోటనే యుండును.

ఇవన్నియు తెరపై కనబడు దోషములు. వీనిలో నొక్కటియు ధనమును హరింపదు. హరించునది చప్పుడు చేయదు. వేల్సులోని న్యూపోర్టు నగరమున నొకాయన డిస్కు 2013లో చెత్తతోబాటు నగరపు చెత్తదిబ్బను చేరినది. సుమారు 8,000 నాణెముల రహస్యసంఖ్య అందున్నది. దిబ్బను త్రవ్వనిండని ఆయన ఏండ్లతరబడి పురపాలకవర్గమును వేడెను. 2025 జనవరిలో న్యాయస్థానము ఆయన దావాను కొట్టివేసినది. ఆ నాణెములు నేటికిని చిట్టాలో లోకమెల్ల చూచునట్లున్నవి, కదలించువాడు లేడు.

కావున పద్దును తెరచిన దినముననే రహస్యమునకు నకలు తీయవలెను. బిట్‌కాయిన్ కోర్ పద్దును ఫైలుగా నకలు తీయనిచ్చును. దానికి సంకేతపదము పెట్టుకొన్నచో ఆ పదము మరచినవానికి ఫైలున్నను ఫలము లేదు. ఎలక్ట్రమ్ వంటి చిన్న సాఫ్టువేరులు 12 మాటలు చూపి వ్రాసికొమ్మనును. ఆ మాటలను కాగితముపై వ్రాసి, మాటల క్రమము చెడకుండ, రెండు చోట్ల భద్రపరుపవలెను. ఏ సాఫ్టువేరు ఇచ్చిన మాటలో ఆ పేరుకూడ ప్రక్కన వ్రాయవలెను; ఒకదాని మాటలు మరియొకదానియందు వేసినచో వేరు పద్దు తెరచుకొని సున్న కనబడుట కలదు.

రహస్యము పోవుటకంటె ఘోరమైనది ఇతరులకు తెలియుట. 2018 డిసెంబరులో దుండగులు కొందరు ఎలక్ట్రమ్ వాడువారికి, సొమ్ము పంపబోవు సమయమున, క్రొత్త కూర్పు దించుకొమ్మని తెరపై కపటసందేశము చూపిరి. దానిని నమ్మి దించుకొన్నవారి నాణెములు హరింపబడినవి. సాఫ్టువేరును దాని అసలు స్థానమునుండియే దించుకొని, సంతకమును సరిచూచుకొన్న పిదపనే నడపవలెనని చెప్పుట యందుకే. చిక్కు వచ్చినపుడు ఇంటర్నెట్టులో మొర పెట్టుకొన్నవానియొద్దకు సాయము పేరిట మొదట వచ్చువాడు తరచుగా ఇట్టివాడే. ఆ మాటలు చెప్పుమని యడిగినవాడు ఎవడైనను దొంగయే. ఈ నియమమునకు మినహాయింపు లేదు.

ఇంత బాధ యేల, వ్యాపారసంస్థయొద్దనే నాణెముల నుంచుదమనువారికి 2014 ఫిబ్రవరిలో టోక్యోలో దివాలా తీసిన మౌంట్ గాక్స్ యును, 2024 జూలైలో సుమారు 23 కోట్ల డాలర్ల ఆస్తి దొంగలపాలైన మన దేశపు వజీర్‌ఎక్స్ యును సమాధానము చెప్పును. మన ప్రభుత్వము ఈ నాణెమును చెలామణి ద్రవ్యముగా అంగీకరింపలేదు. కాని 2022 నుండి దీనిపై లాభమునకు 30 శాతము పన్ను విధించుచున్నది. పన్ను కట్టినంతమాత్రమున రక్షణ దొరకినదని భావింపరాదు.

క్రొత్తగా పూనుకొనువారికి మా మనవి యిది. పోయినను చింత లేనంత స్వల్పమొత్తముతో మొదలిడుడు. అధికమొత్తము చేర్చుటకు పూర్వము, మీరు తీసిన నకలుతో మరియొక కంప్యూటరులో ఆ పద్దును తెరచి చూడుడు. తెరచుకొననిచో తప్పెక్కడనో అప్పుడే తెలియును. పొలము పట్టాలు ఎక్కడనున్నవో ఇంటివారికి చెప్పి పోవుట మన పెద్దల యాచారము. ఈ కాగితముండు చోటును ఆలుబిడ్డలలో నమ్మదగిన యొక్కరికైన తెలుపుడు. లేకున్న మీ తరువాత మీ ధనము చిట్టాలో అంకెగా నిలిచియుండును గాని మీ వారి చేతికి రాదు.