కణాల జల్లెడ

మార్కాపురం మందుల షాపులో అమ్మే గర్భనిర్ధారణ పట్టీలోనూ, నగరంలో కాన్సరు గడ్డ ముక్కను పరీక్షించే గదిలోనూ పనిచేసేది ప్రతిరక్షకమే. ఆంటీబాడీ అని ఇప్పుడందరూ వింటున్నదే. వేలాది మాంసకృత్తుల మధ్య తనకు సరిపడిన ఒక్కదాన్ని పోల్చి పట్టుకోవడం దాని స్వభావం. దానికి రంగు తగిలిస్తే, కణంలో ఆ మాంసకృత్తి ఎక్కడున్నదో సూక్ష్మదర్శినిలో కనబడుతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు దీనితో పనేమిటంటారా? ఈ కథలో మన తెలుగువాడొకడున్నాడు.

ఎలుక ప్లీహంలోని కణాలు ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. కాని సీసాలో వేస్తే కొద్ది రోజులకే చస్తాయి. కాన్సరు కణాలు సీసాలో ఎన్నాళ్లయినా పెరుగుతాయి. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్‌లు ఈ రెంటినీ కలిపి ఒకే కణం చేశారు. కలిపారు సరే, కలవకుండా మిగిలినవాటిని ఏరెయ్యడమెలా?

గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల పోవడానికి ఘాట్ రోడ్డు ఉంది, రైలూ ఉంది. కణం తన డి.ఎన్.ఏ. తయారు చేసుకోవడానికీ అలాగే రెండు దారులున్నాయి. అమినోప్టెరిన్ అనే మందు రోడ్డు మూసేస్తుంది. రైలుదారికి కావలసిన సరుకు సీసాలోనే పోస్తారు. కాని ఏరి తెచ్చిన కాన్సరు కణానికి టిక్కెట్టు లేదు. అంటే, అవసరమైన ఎంజైము లేదు. ప్లీహకణానికి టిక్కెట్టుంది, ఆయుష్షు లేదు. రెండూ ఉన్నది జంటకణానికే. చివరికి మిగిలేది అదే!

ఆ అమినోప్టెరిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన తయారైంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. 1923లో బోస్టన్ చేరారు. సొంత సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంది. దాన్ని నయం చేసే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే ప్రయోగశాలలో తయారు చేసింది. ఆ ఆమ్లానికి దొంగరూపమే అమినోప్టెరిన్. దానితో రక్తకాన్సరు పిల్లలకు తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో డాక్టర్ ఫార్బర్ ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. కోలర్, మిల్‌స్టీన్‌లకు 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. తన మందు కణాలకు జల్లెడ కావడం ఆయన చూడనే లేదు.

ఈ విద్య ఇప్పుడు మన ఇళ్లదాకా వచ్చింది. రొమ్ము కాన్సరులో గడ్డ కణాలపై హెర్-2 అనే మాంసకృత్తి ఎక్కువగా ఉన్నదీ లేనిదీ ప్రతిరక్షకంతోనే చూస్తారు. ఉంటే, దానికి తగిన మందు వేరే ఉంది, అదీ ప్రతిరక్షకమే. కనుక రిపోర్టులో ఆ మాట కనిపిస్తే భయపడి కాగితాన్ని పెట్టెలో దాచకండి. డాక్టరు ముందు పెట్టి, దాని అర్థమేమిటో అడగండి. ఇంటి ఆడవాళ్ల ప్రాణం ఆ ఒక్క మాటమీద ఆధారపడవచ్చు.