వక్తృత్వ పోటీలో గెలుపును తేల్చేదెలా?

ఆగస్టు 15, తెలుగు భాషా దినోత్సవమైన ఆగస్టు 29, వివేకానందుడి జయంతి జనవరి 12... ఇలాంటి తేదీలు దగ్గరపడితే మన బడుల్లో, కాలేజీల్లో వక్తృత్వ పోటీల సందడి మొదలవుతుంది. నోటీసు బోర్డు మీద అంశం, తేదీ, సమయం రాస్తారు. ఎన్ని నిమిషాలు మాట్లాడాలి, గంట కొట్టాక ఆపకపోతే ఏం చేస్తారు, కాగితం చూడొచ్చా, దేనికి ఎన్ని మార్కులు అన్న సంగతులు చాలాచోట్ల వేదిక ఎక్కేదాకా పిల్లలకు తెలియవు. బహుమతులు ప్రకటించాక వచ్చే అలకలు, అనుమానాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ఓడిన విద్యార్థికి తాను ఎక్కడ వెనకబడ్డాడో తెలియాలి. అది తెలియాలంటే పోటీ పెట్టేవాళ్లు కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి.

ఒప్పించే ప్రసంగం ఎలా ఉంటుంది?

అంశం గురించి తెలిసినదంతా అప్పజెప్పడం వేరు, వినేవాళ్ల చేత సరే అనిపించడం వేరు. అంశం ప్లాస్టిక్ వాడకం అనుకుందాం. ఒక అమ్మాయి ‘ప్లాస్టిక్ మానవాళికి పెనుముప్పు’ అని మొదలుపెట్టి, అది భూమికి, నీటికి, గాలికి చేసే హాని వరసగా చెప్పి కూర్చుంది. అందులో తప్పేమీ లేదు. మరో అమ్మాయి తన బడి వార్షికోత్సవం సంగతి ఎత్తుకుంది. ఆ రోజు వాడి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు మర్నాడు ఆట స్థలం వెనక ఎలా తగలబడ్డాయో చెప్పింది. ఈసారి స్టీలు గ్లాసులు అద్దెకు తెద్దామంది. ‘ఖర్చు ఎక్కువవుతుంది కదా, కడిగేదెవరు?’ అన్న ప్రశ్నలను తనే లేవనెత్తి జవాబు చెప్పింది. చివర్లో, తరగతికి ఇద్దరు చొప్పున ఆ పనికి ముందుకు రమ్మని అడిగింది. ఒక వాదన, దానికి కారణాలు, కళ్లెదుటి రుజువు, ఎదుటివారి అభ్యంతరానికి సమాధానం, చివరికి చేయాల్సిన పని అన్నీ ఆమె ప్రసంగంలో ఉన్నాయి. మార్కుల పత్రంలో వీటికి చోటు లేకపోతే గంభీరమైన గొంతు, పెద్ద పెద్ద మాటలే గెలుస్తాయి.

నిబంధనల వెనక కారణాలు

నిబంధనలు ఎలా పెట్టాలో చూడటానికి అమెరికా ఉదాహరణ పనికొస్తుంది. అక్కడి హైస్కూళ్లలో ఈ పోటీలకు పెద్ద చరిత్రే ఉంది. నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ అనే సంస్థ 1925లో నేషనల్ ఫోరెన్సిక్ లీగ్ పేరుతో మొదలైంది. అది నడిపే పోటీల్లో ‘ఒరిజినల్ ఒరేటరీ’ ఒకటి. ఇందులో విద్యార్థి తన ప్రసంగాన్ని తనే రాసుకోవాలి, కాగితం చూడకుండా చెప్పాలి. గడువు 10 నిమిషాలు, ఆపైన 30 సెకన్ల వెసులుబాటు. ఇతరుల నుంచి ఉన్నదున్నట్టు తీసుకున్న మాటలు 150 పదాలు దాటకూడదు. బొమ్మలు, వస్తువులు చూపించకూడదు.

ఈ నిబంధనలన్నిటికీ తగిన కారణాలున్నాయి. మాస్టారు రాసిచ్చినది బట్టీపట్టి చెబితే ఆ పోటీ మాస్టార్ల మధ్యనే జరిగినట్టు. తనే రాసుకోవాలన్నదీ, అరువు మాటలకు హద్దు పెట్టిందీ అందుకే. వస్తువులు వద్దనడంతో ఖర్చు పెట్టగలిగిన పిల్లలకు అదనపు బలం చేకూరదు. గడువు అందరికీ ఒక్కటే అయితేనే పోలిక కుదురుతుంది.

అమెరికన్ లీజియన్ సంస్థ 1938 నుంచి నడుపుతున్న పోటీలో మరో జాగ్రత్త ఉంది. అమెరికా రాజ్యాంగం మీద 8 నుంచి 10 నిమిషాల సిద్ధం చేసుకున్న ప్రసంగం అయ్యాక, ముందే ప్రకటించిన రాజ్యాంగ అంశాల్లో అప్పటికప్పుడు ఎంపిక చేసిన ఒకదాని మీద 3 నుంచి 5 నిమిషాలు మాట్లాడాలి. విషయం నిజంగా ఒంటబట్టిందో లేదో ఆ రెండో ప్రసంగం చెప్పేస్తుంది. మన దగ్గర దీన్ని ఇంకా తేలిగ్గా చేయవచ్చు. ప్రసంగం అయ్యాక న్యాయనిర్ణేత ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

మార్కులా, స్థానాలా?

టోస్ట్‌మాస్టర్స్ అనే సంస్థ నడిపే అంతర్జాతీయ ప్రసంగ పోటీలో 100 మార్కులను విషయానికి 50, చెప్పే తీరుకు 30, భాషకు 20గా పంచడం పేరుపొందిన పద్ధతి. బడి పోటీలకూ ఇది సరిపోతుంది. చిక్కల్లా ముగ్గురు న్యాయనిర్ణేతల మార్కులు కలిపినప్పుడే వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 4వ నంబరు విద్యార్థికి మొదటి ఇద్దరు 82, 78 వేశారు. 7వ నంబరుకు వాళ్లే 80, 76 వేశారు. ఇద్దరి దృష్టిలోనూ 4వ నంబరే మేలు. మూడో న్యాయనిర్ణేత మాత్రం 4వ నంబరుకు 70, 7వ నంబరుకు 90 వేశారు. మొత్తం కలిపితే 230, 246. ముగ్గురిలో ఇద్దరు కాదన్నా 7వ నంబరుకే ప్రథమ బహుమతి వెళ్లింది. అలాగని మూడో ఆయన అన్యాయం చేశారని అనలేం. ఆయన మార్కులు వేసే తీరులో ఎగుడుదిగుడు ఎక్కువ, అంతే.

ఒరిజినల్ ఒరేటరీలో ఫలితాన్ని స్థానాలతో తేలుస్తారు. ప్రతి న్యాయనిర్ణేత 1, 2, 3 అని వరస ఇస్తారు. ఆ అంకెల మొత్తం తక్కువ వచ్చినవారు ముందుంటారు. పై లెక్కలో ఆ ఇద్దరు విద్యార్థులూ అందరికన్నా ముందున్నారనుకుంటే 4వ నంబరుకు 1, 1, 2 కలిపి 4, 7వ నంబరుకు 2, 2, 1 కలిపి 5 వస్తాయి. ఫలితం తారుమారైంది. ఈ పద్ధతిలోనూ లోటు ఉంది. అర మార్కు తేడా, ఇరవై మార్కుల తేడా రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయినా ఒక్కరు మార్కులు వేసే తీరు ఫలితాన్ని మార్చేయకుండా ఇది కాపాడుతుంది. కాబట్టి న్యాయనిర్ణేత తన అంచనా కోసం మార్కులు వేసుకోవచ్చు, ఫలితం మాత్రం స్థానాలతో తేల్చడం మంచిది. సమానం వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలి.

గడువు దాటితే ఏం చేయాలన్నది కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. టోస్ట్‌మాస్టర్స్ పోటీలో గడువు 5 నుంచి 7 నిమిషాలు. అటూ ఇటూ 30 సెకన్లు దాటితే అనర్హతే. ఒరిజినల్ ఒరేటరీలో వెసులుబాటు కూడా దాటినవారికి మొదటి స్థానం ఇవ్వరు. పిల్లల విషయంలో నాకు ఈ రెండోదే సబబనిపిస్తుంది. ఏది పెట్టినా గడియారం చూసే బాధ్యత మాత్రం న్యాయనిర్ణేతల మీద పెట్టకుండా వేరొకరికి అప్పగించాలి.

న్యాయనిర్ణేత చేయాల్సింది

విద్యార్థి ఎంచుకున్న పక్షం న్యాయనిర్ణేతకు నచ్చకపోవచ్చు. ఆ పక్షాన్ని ఎంత బలంగా నిలబెట్టగలిగారన్నదే ఆయన చూడాలి. యాస విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం పిల్లవాడైనా, కరీంనగర్ అమ్మాయైనా, కడప కుర్రాడైనా ఇంటి మాటతో మాట్లాడినందుకు మార్కులు పోగొట్టుకోకూడదు. మాట స్పష్టంగా వినబడిందా, అర్థమైందా అన్నది చూస్తే చాలు. పేరు, ఊరు, బడి చెప్పించకుండా నంబరుతోనే పిలిస్తే తెలిసినవాళ్ల పిల్లలన్న మొగ్గూ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మన దగ్గర తరచు జరగనిది ఒకటుంది. ఒరిజినల్ ఒరేటరీ పోటీల్లో న్యాయనిర్ణేతలు స్థానంతో పాటు వ్యాఖ్యలూ రాస్తారు, వాటిని తర్వాత విద్యార్థికి అందిస్తారు. మన మార్కుల పత్రాలు చాలాసార్లు బీరువా దాటి రావు. బాగున్నదేమిటో ఒక మాట, మార్చుకోవాల్సిందేమిటో ఒక మాట రాసి ఇస్తే, బహుమతి రాని పిల్లలకూ ఆ పోటీ వల్ల ఒక పాఠం దక్కుతుంది. ముగ్గురికే బహుమతులు ఇవ్వగలిగిన పోటీ నుంచి ముప్పై మందీ ఏదో ఒకటి నేర్చుకుని వెళ్లాలి. వచ్చే పోటీకి నోటీసు అంటించేటప్పుడు గడువు, మార్కుల పంపకం, ఫలితం తేల్చే పద్ధతి అంశం కిందే రాయండి. న్యాయనిర్ణేతల చేతికి మార్కుల పత్రంతో పాటు వ్యాఖ్యల కాగితం కూడా ఇవ్వండి.